ఎస్తేరు టీచరు వెతికిన కాలేజీ

ఎస్తేరు టీచరు మేనకోడలు గ్రేసు ఫోను చేసి, "అక్కా, అత్తమ్మ నిన్ను అడుగుతున్నది, జెర వచ్చిపో" అన్నప్పుడు నేను మొదట ఆరోగ్యం సంగతే అడిగాను. "పానం మంచిగనే ఉన్నది. మతే, ఉండి ఉండి ఎటో పోతది, మళ్ల వస్తది. మమ్మల్నందరినీ ఒకల్ల పేరుతోని ఒకల్లను పిలుస్తది గని, నీ పేరు మాత్రం తప్పుతలేదు" అంది. మర్నాడు పొద్దున్నే బీరంగూడలో బస్సెక్కి పోతిరెడ్డిపల్లికి బయల్దేరాను. దారి పొడుగునా నాకు గుర్తొచ్చింది ఎస్తేరు టీచరు ముఖం కాదు, ఆదివారం మధ్యాహ్నం నులకమంచం మీద ఆమె వరసగా పరిచే బొమ్మ కార్డులు. ఎర్రటివి, బూడిదరంగువి, చేత్తో రంగులద్దినవి. అన్నీ పాతకాలం కాలేజీ భవనాలే.

ఎస్తేరు టీచరు మాకు చుట్టం కాదు. మా మతం కాదు, మా ప్రాంతమూ కాదు. సంగారెడ్డిలో వాళ్ళింట్లో మేం కిరాయికి ఉన్నాం, అంతే. నాన్నకు బీరంగూడ పక్కన అప్పుడే లేచిన పెద్ద కర్మాగారంలో టర్నరు ఉద్యోగం వచ్చి, కృష్ణాజిల్లా నుంచి ట్రంకుపెట్టెలతో దిగిపోయాం. క్వార్టర్లు ఇంకా పునాదుల్లోనే ఉన్నాయి. కర్మాగారం బస్సు సంగారెడ్డి దాకా వస్తుందని ఎవరో చెబితే అక్కడ రెండు గదులు చూసుకున్నాం. దిగిన రోజున గుమ్మంలో నిలబడ్డ ముసలావిడ "పరేషాన్ గాకుండ్రి, నీళ్ల గోలెం నిండనే ఉన్నది" అంది. అమ్మ నా చెవిలో, "ఏం కావద్దంటోందే?" అని అడిగింది. నాకూ తెలియలేదు. టీచరు ఆవిడను "అవ్వా" అని పిలుస్తుంటే, నాయనమ్మో అమ్మమ్మో అనుకున్నాం. ఇక్కడ అవ్వ అంటే కన్నతల్లి అని తెలియడానికి మాకు చాలా రోజులు పట్టింది. అంతవరకూ అమ్మ, "పాపం, టీచరుగారికి తల్లి లేదు" అని జాలిపడుతూనే ఉంది.

ఆ ఇల్లు తలుచుకుంటే నాకు మొదట వాసనలే వస్తాయి. పొద్దున్నే అవ్వ పెనం మీద జొన్నరొట్టె కాల్చేటప్పుడు వచ్చే కమ్మటి మాడు వాసన, టీచరు బొగ్గుల ఇస్త్రీపెట్టె తడిపిన నూలుచీర మీద ఆనించగానే లేచే ఆవిరి, వాకిట్లో గుబురుగా పెరిగిన తులసిచెట్ల మీద వాన పడ్డప్పటి ఘాటు. వాళ్ళు తులసిని పూజించరు. దగ్గొస్తే కషాయం పెట్టుకుంటారు. మా అమ్మ ఆ తులసిలోంచి ఒక మొక్క పీకి మా గది ముందు డబ్బాలో పెట్టి దీపం పెట్టేది. అవ్వ చూసి, "నీళ్లు ఎక్కువ పొయ్యకు, కుళ్లుతది" అంది, అంతే. మొదట్లో అమ్మ వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఏదో వంకతో తప్పించుకునేది. నా తర్వాతి తమ్ముడు పుట్టినప్పుడు, ఊరి నుంచి ఎవరూ రాలేని పరిస్థితిలో, అవ్వే వేన్నీళ్ళు కాచింది, అవ్వే కారప్పొడి అన్నం కలిపి పెట్టింది. ఆ తర్వాత నీళ్ళ మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. అమ్మ మనసు మారిందా, ఓపిక లేక ఊరుకుందా అన్నది నేను అడగలేదు. అడిగినా ఆవిడ చెప్పి ఉండేది కాదు.

టీచరు మిషన్ బడిలో నాలుగో తరగతికి చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. అప్పటికి ముప్ఫై దాటి ఉంటుంది. పొడుగ్గా, కాస్త వంగి నడిచేది. కంటికి కనిపించిన అక్షరమల్లా పైకి చదవడం ఆమెకు అలవాటు. బస్సు మీద బోర్డు, సబ్బు మీద కాగితం, బియ్యం బస్తా మీద అచ్చు, ఏదైనా సరే, ఒకసారి నోటితో పలికితే గానీ ఊరుకునేది కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలయ్యాక, అవ్వ గోడకానుకుని కునుకు తీస్తుంటే, ఆమె పెట్టె కింద నుంచి బిస్కట్ల రేకుడబ్బా తీసేది. అందులోనే కార్డులు ఉండేవి. మద్రాసువి, కలకత్తావి, బొంబాయివి, నేనెన్నడూ వినని ఊళ్ళవి. దొరల కాలంలో అచ్చయినవి. గుండ్రటి బురుజులు, కమానులు, పొడుగాటి వసారాలు, ముందు గుర్రబ్బండ్లు. కొన్నింటి వెనక ఎవరో ఎవరికో రాసుకున్న ఇంగ్లీషు గీతలు ఉండేవి, కానీ టీచరు వాటిని పట్టించుకునేది కాదు. ఆమెకు కావలసింది భవనమే.

నేను వాటి వెంట పడింది బొమ్మల మీద మోజుతో. తర్వాత అది మా ఇద్దరి పనిగా మారింది. నెలకో రెండు నెలలకో ఆమె నన్ను బస్సులో హైదరాబాదు తీసుకెళ్ళేది. కోఠీలో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గుట్టలు గుట్టలుగా తిరగేసేవాళ్ళం. దేవుళ్ళ బొమ్మలు, సినిమావాళ్ళ బొమ్మలు, ఎవరివో పెళ్ళి ఫొటోలు తప్పిస్తూ పోతే ఎక్కడో అడుగున ఒక కాలేజీ దొరికేది. దుకాణం అతను, "కాలేజీ కా ఫోటో లేకే క్యా కరింగే అమ్మా?" అని, కాలేజీ బొమ్మ ఏం చేసుకుంటారని ప్రతిసారీ అడిగేవాడు. టీచరు ప్రతిసారీ, "చూస్తం భాయ్, చూస్కుంటం" అనేది. ఇంకో దారి నాన్న తెరిచాడు. కర్మాగారంలో దేశం నలుమూలల వాళ్ళు పనిచేసేవాళ్ళు. నాన్న పక్క మెషీను మీద ఒక బెంగాలీ, ఎదురుగా ఒక మలయాళీ, స్టోర్సులో ఒక పంజాబీ. సెలవు మీద ఊరెళ్ళే ప్రతివాడికీ నాన్న అదే చెప్పేవాడు: మీ ఊళ్ళో పాత కాలేజీ బొమ్మ కార్డు దొరికితే తెండి అని. వాళ్ళకది వింతగా ఉండేది, కానీ తెచ్చేవాళ్ళు. మలయాళీ ఆయన ఒకసారి కాలేజీ బదులు రేవులో పడవ బొమ్మ తెచ్చి, ఇదీ పాతదే అన్నాడట. నాన్న దాన్ని కూడా తెచ్చి టీచరు చేతిలో పెడితే, ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు.

ఒక ఆదివారం ఉండబట్టలేక అడిగాను. "టీచర్, చర్చీలు వద్దంటారు, కోటలు వద్దంటారు. కాలేజీలే ఎందుకు?"

ఆమె కార్డులు పరచడం ఆపలేదు. "నేను పోయిన కాలేజీ వీట్ల ఏదో ఒకటయి ఉంటది, అందుకు" అంది.

టీచరు కాలేజీకి వెళ్ళిందని నాకు అంతవరకూ తెలియదు. ఏ కాలేజీ అని అడిగాను.

"గదే ఎర్కలేదు."

అప్పుడు చెప్పింది. ఆమెకు పదిహేనో పదహారో ఉంటాయి. తండ్రి అప్పటికే పోయాడు. మిషన్ దవాఖానాలో ఉండే దొరసానికి ఆమె అంటే ఇష్టం. చదువుతుంది, చదివించాలి అని, ఇంకో ఇద్దరు పిల్లలతో పాటు రైలెక్కించి తీసుకెళ్ళింది. రజాకార్ల గడబిడ మొదలవుతున్న రోజులు. "దొరసాని ఇంగ్లీషుల ఊరు పేరు చెప్పింది. నాకు సమజ్ గాలే. మళ్ల అడగనికి భయమైంది. తొవ్వలనే జొరమొచ్చింది. రైలు కిటికీల రేకులు దించిన్రు, లోపలంత చీకటి. దిగినంక నన్ను ఎవరో ఎత్తుకున్నరు. పెద్ద బంగ్లా. నడుమ మెట్లు మీదికి పోయి, రెండు దిక్కుల చీలినయి. మీద గోడకు గడియారం, అది నడుస్తలేదు. నేలంత మైనం వాసన. ఒక గదిల బెంచి మీద కూసోబెట్టిన్రు. ఒక మేడమొచ్చి నా పేరడిగింది, నేను చెప్పిన. గంతే విజయా. మళ్ల కండ్లు తెరిస్తే మా ఇంట్ల ఉన్న."

దొరసాని ఆ తర్వాత తన దేశానికి వెళ్ళిపోయింది. వెంట వెళ్ళిన పిల్లల్లో ఒకామె చనిపోయింది, రెండో ఆమె ఎక్కడుందో తెలియదు. టీచరుకు మళ్ళీ కాలేజీ యోగం పట్టలేదు. ట్రైనింగు చేసి బడిలో చేరింది. నేనింకా ఆ మెట్ల గురించే ఆలోచిస్తుండగా, నిద్రపోతోందనుకున్న అవ్వ కళ్ళు తెరవకుండానే మాట్లాడింది.

"యాడికి పోలేదు బిడ్డా అది. జొరంల పడి మిషన్ దవాఖానల ఉన్నది దినాలకు దినాలు. దవాఖాన మెట్లే దానికి యాదికున్నయి. రైలే ఎక్కలే."

"ఎక్కిన అవ్వా. బొగ్గు నుసి కంట్ల పడ్డది. గది ఎట్ల మర్సిపోత?"

"కలల గూడ కంట్ల నుసి పడ్తది" అని అవ్వ అటు తిరిగి పడుకుంది.

టీచరు మళ్ళీ కార్డులు పరచసాగింది. ఈ మాటలు వాళ్ళ మధ్య ఎన్నిసార్లు నడిచి ఉంటాయో, వాళ్ళిద్దరి గొంతుల్లోనూ కోపం లేదు. నాకు మాత్రం తల తిరిగిపోయింది. ఒక మనిషి ఒక ఊరికి వెళ్ళడమో వెళ్ళకపోవడమో, రెంటిలో ఏదో ఒకటే కదా జరుగుతుంది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరూ అబద్ధమాడని వాళ్ళే, రెండూ చెబుతున్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఇల్లు కూడా రెండుగా చీలింది. అమ్మ అవ్వ పక్షం. "కన్నతల్లికి తెలీదా? జ్వరంలో ఏవేవో కనపడతాయి" అంది. నాన్న టీచరు పక్షం. "మనిషి పొరబడొచ్చు గానీ, అన్ని గుర్తులు ఎక్కడి నుంచి వస్తాయి? భవనం ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది" అని, మర్నాటి నుంచి కార్డుల కోసం ఇంకా పట్టుదలగా అడగడం మొదలుపెట్టాడు.

అసలు చిక్కు ఇంకొకటి ఉందని నాకు కొన్నాళ్ళకు గాని తట్టలేదు. కార్డుల మీద ఉండేది భవనం బయటి ముఖం. ఆమెకు గుర్తున్నది లోపలి మెట్లు. "ముందలనుంచి ఎట్లుండెనో చూడలేదా టీచర్?" అంటే, "తల కిందికేసి ఎత్తుకపోయిన్రు, ఎట్ల సూస్తా?" అనేది. ఇక అప్పటి నుంచి మా ఆదివారాలు అంచనాలతోనే గడిచాయి. ఈ కిటికీ మిగిలినవాటికన్నా పొడుగ్గా ఉంది, దాని వెనక మెట్లు ఉండొచ్చు. ఈ గోపురం కింద గడియారం పట్టేంత చోటుంది. ఒక కార్డు చూసి పొద్దున ఇదే అనిపించేది, సాయంత్రానికి కాదనిపించేది. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ అదే కార్డు పైకొచ్చేది. వెతకడంలో ఆమెకు తొందర లేదు. నాకే ఉండేది.

నా హెచ్చెస్సీ అయిన ఏడు తెలంగాణ కోసం పెద్ద ఉద్యమం లేచింది. కాలేజీలు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి, బస్సులు ఎప్పుడుంటాయో ఎప్పుడుండవో తెలియదు. ఒకరోజు పొద్దున చూస్తే మా గది గోడ మీద వెళ్ళిపొమ్మని ఎవరో బొగ్గుతో రాసి ఉంది. అమ్మ లోపలికొచ్చి ట్రంకుపెట్టెలు దులపడం మొదలుపెట్టింది. అవ్వ డొప్పలో సున్నం కలుపుకొచ్చి ఆ గోడకు పూసింది. పాత గోడ మీద ఆ ముక్క ఒక్కటే తెల్లగా, రాతకంటే కొట్టొచ్చినట్టు కనిపించేది. టీచరు మాత్రం మా దగ్గర ఏమీ దాచలేదు. "మా పిలగాండ్లకు నౌకర్లు దొరుకుతలేవు విజయా. వాండ్లు అడిగే దాంట్ల న్యాయమున్నది. నీ గోడ మీద రాసుడు మాత్రం తప్పు" అంది. రెండు మాటలూ నాకు విడివిడిగా అర్థమయ్యాయి. రెండూ కలిపి పెట్టుకుంటే ఏమీ అర్థం కాలేదు. మేం వచ్చినవాళ్ళమా, ఉన్నవాళ్ళమా? అవ్వ చేతి అన్నం తిన్న మా అమ్మ ఏ వైపు?

నా చదువు ఆగిపోతుందని నన్ను అమ్మమ్మ ఊరు పంపేశారు. అక్కడ పియుసిలో చేరాను. అక్కడి పిల్లలకు నేను తెలంగాణ పిల్లను. తెలియకుండానే "గట్ల", "ఇగ" అనేసేదాన్ని, వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ కాలేజీ పాతది, దొరల కాలంది. బయట ఎర్ర ఇటుక, లోపల అడుగుపెడితే పెద్ద హాలు. ఆ హాలు మధ్యలోంచి మెట్లు పైకి పోయి, రెండు వైపులా చీలుతాయి. మొదటి రోజు నేను ఆ మెట్ల కింద నిలబడిపోతే వెనక పిల్లలు తోసుకుంటూ పోయారు. ఇంటికి రాగానే టీచరుకు ఉత్తరం రాశాను. వెంటనే రమ్మన్నాను. అప్పటికింకా సంగారెడ్డిలో ఆమె బడి తెరవలేదు. అవ్వను తన తమ్ముడి భార్యకు అప్పగించి, సజ్జరొట్టెలు మూటగట్టుకుని ఆమె రైల్లో వచ్చింది.

ఆమెను కాలేజీకి తీసుకెళ్ళిన పొద్దు నాకు బాగా గుర్తు. ఇస్త్రీ చేసిన తెల్ల నూలుచీర కట్టుకుంది. గేటు మీద అక్షరాలు పైకి చదివింది. బయటి ముఖాన్ని ఒకసారి చూసి లోపలికి నడిచింది. హాల్లోకి రాగానే ఆగిపోయింది. కాసేపటికి చెప్పులు విడిచి, మెట్ల దగ్గరికి వెళ్ళి, మొదటి మెట్టు మీద చేయి వేసింది.

"గివే" అంది. తర్వాత పైకి చూసి, "గడియారమేది?" అంది.

గడియారం లేదు. ఉన్న గుర్తు కూడా గోడకు లేదు. మైనం వాసన లేదు, ఫినాయిల్ వాసన ఉంది. ఆమె అటూ ఇటూ చూసింది, మళ్ళీ మెట్లనే చూసింది. గంట కొట్టారు. నాకు చరిత్ర క్లాసు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ వస్తుంటే ఎదురెళ్ళి, మా టీచరుగారండీ, సంగారెడ్డి నుంచి వచ్చారు, వెనక కూర్చోవచ్చా అని అడిగాను. "కూర్చోనీయమ్మా, బెంచీలన్నీ ఖాళీయేగా" అన్నారాయన. మేమిద్దరం చివరి బెంచీలో కూర్చున్నాం. హాజరు పిలవడం అయ్యాక ఆయన తలెత్తి, "మీ పేరేంటమ్మా?" అన్నారు, మర్యాద కోసం. టీచరు లేచి నిలబడింది. "ఎస్తేరు. ప్రెజెంట్ సార్" అంది. ముందు వరసల్లో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. కూర్చోమని తలూపి, పాఠం మొదలుపెట్టారు. ఆ గంటసేపు ఆమె చేతులు కట్టుకుని బల్లమీద ఆనించి, నాలుగో తరగతి పిల్లల్లా కూర్చుంది. ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క కూడా గుర్తులేదు. ఆమెకు అన్నీ గుర్తున్నాయని తర్వాత తెలిసింది.

తిరిగి వెళ్తుంటే హాల్లో ఒక మూల, క్రోటన్ కుండీల వెనక, గోడలో ఒక రాయి కనిపించింది. నేను రోజూ దాని ముందు నుంచే పోతున్నా ఎప్పుడూ చూడలేదు. ఆమె కుండీ పక్కకు జరిపి పైకి చదివింది. ఫలానా దాత ధర్మాన ఈ మెట్లు కట్టించినట్టు అందులో ఉంది. కింద కట్టిన సంవత్సరం ఉంది. ఆమె రైలెక్కానని చెప్పే కాలానికి చాలా తర్వాతి ఏడు. ఆమె దాన్ని రెండోసారి చదవలేదు. అంత దూరం రప్పించింది నేనే.

"గట్లయితే" అంది చివరికి, "మెట్లు కట్టకముందే ఎక్కిననన్నట్టు." నవ్విందో నిట్టూర్చిందో తెలియలేదు.

నేను పరుగెత్తుకెళ్ళి చరిత్ర మాస్టారిని పట్టుకున్నాను. ఆయన ఓపికగా విన్నారు. "అంతకుముందు అక్కడ చెక్కమెట్లు ఉండేవని పెద్దవాళ్ళు అనేవారమ్మా. అవి పుచ్చిపోతే వాటి నమూనాలోనే ఇవి కట్టారని కొందరంటారు. కాదు, కొత్త ప్లానని కొందరు. నేనప్పటికి ఇక్కడ చేరలేదు. గడియారం మాట మాత్రం నేనెప్పుడూ వినలేదు" అన్నారు. ఆ మాట టీచరుకు మోసుకొచ్చి చెప్పాను. ఆమె విని, "చెక్కమెట్లకైతే మైనం పూస్తరు" అంది. మళ్ళీ తనే, "సిమెంటుకు గూడ పూస్తరు" అంది. రైలెక్కించేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మంచి కాలేజీ. మంచిగ చదువుకో" అంది.

మరుసటి వేసవికి సంగారెడ్డి వచ్చేసరికి అవ్వ మంచాన పడి ఉంది. టీచరు చెంచాతో గంజి పడుతోంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అవ్వ నన్ను చూసి, టీచరును చూసి, ఏ ముందుమాటా లేకుండా, "పోయినవ్ బిడ్డా" అంది.

"ఎటు పోయిన అవ్వా?"

"రైలెక్కి. నేనే మీ మామను తోలి తెప్పిచ్చిన. గడబిడ దినాలు. మొగదిక్కు లేని ఇల్లు. పిల్ల గంత దూరముంటె ఎట్లని."

టీచరు చెంచా గిన్నెలో పెట్టేసింది. "ఏ ఊరే అవ్వా గది?"

"మీ మామకే ఎర్క" అంది అవ్వ. ఆ మామ పోయి ఎన్నో ఏళ్ళయింది.

ఆ రోజంతా టీచరు ఇంట్లో పని చేస్తూ చేస్తూ ఆగిపోతుండేది. కోపం వస్తుందేమో, ఏడుస్తుందేమో అని నేను ఎదురుచూశాను. తెల్లారి అవ్వ మళ్ళీ పాత మాటకే వచ్చింది: "యాడికి పోయినవే నువ్వు, దవాఖానల ఉన్నవ్." ఇంకో రెండు రోజులకు మళ్ళీ "పోయినవ్" అంది. చివరిదాకా అటూ ఇటూ అంటూనే ఉంది. పోయే ముందు ఏదంటే అదే ఆఖరిమాటగా పట్టుకుందామని నేను అనుకున్నాను గానీ, పోయే ముందు అవ్వ నీళ్ళే అడిగింది. సమాధి అయి వచ్చాక వాకిట్లో కూర్చుని టీచరు నన్నడిగింది: "నిజమే చెప్పిందా విజయా, నా మనసు సల్లవడాల్నని చెప్పిందా?" నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. నిజమైతే, అన్నేళ్ళు బిడ్డ ఎదురుగా కూర్చుని కాదని ఎలా అనగలిగింది? అబద్ధమైతే, అంత పట్టుదల గల మనిషి ఆఖరి రోజుల్లో ఎందుకు ఓడిపోయింది? అవ్వ మీద నాకు కోపం రావాలా, ప్రేమ రావాలా అన్నది ఆ రోజుల్లో పెద్ద సమస్యగా ఉండేది. ఇప్పుడు రెండూ వస్తాయి.

తర్వాత మాకు క్వార్టరు వచ్చింది, బీరంగూడ వైపు వెళ్ళిపోయాం. నాకు పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, పిల్లలు పుట్టారు. టీచరు కార్డులు పోగుచేయడం మానలేదు, కానీ ఇదా అదా అని చూడటం మానేసింది. పండక్కో క్రిస్మస్‌కో వెళ్తే, కొత్తగా వచ్చిన కార్డు చూపించి, "మంచిగున్నది కదా" అనేది, అంతే. ఈలోగా మా చుట్టూ ఊళ్ళే మారిపోయాయి. మేం వచ్చిన కొత్తల్లో పటాన్‌చెరు దాటితే రోడ్డుకు రెండువైపులా జొన్నచేలే. నేను ఉద్యోగంలో చేరేనాటికి అక్కడ బస్సు కిటికీలు మూసుకోవలసి వచ్చేది, మందుల కంపెనీల ఘాటుకు. ఇప్పుడు అదే రోడ్డు మీద ఎటు చూసినా కాలేజీలు. అద్దాల గోడలు, పసుపు బస్సులు, ఫ్లెక్సీల మీద ర్యాంకుల పిల్లల ముఖాలు. ఆడపిల్లలు చెవుల్లో తీగలు పెట్టుకుని బిలబిలమని దిగిపోతుంటారు, ఎవరూ ఎవరినీ ఎత్తుకుని తీసుకురానక్కర్లేదు. సంతోషించవలసిన సంగతే. నేను సంతోషిస్తాను కూడా. కానీ వీటిలో ఒక్కదాని బొమ్మ అయినా ఎవరైనా దాచుకుంటారా అని అడిగితే గ్రేసు మనవరాలు నవ్వి, "మా కాలేజీ ఎట్లుంటదో నాకే సరిగ్గా తెల్వదు అమ్మమ్మా, గేటు నుంచి సీదా లిఫ్టే" అంది.

పోతిరెడ్డిపల్లిలో గ్రేసు వాళ్ళ ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. టీచరు బాల్కనీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. తొంభై ఏళ్ళు. బాగా చిన్నదైపోయింది. నన్ను చాలాసేపు చూసింది. చూసుకోవడానికి పెట్టుకున్న అమ్మాయి, కొత్తగా చేరిందట, మంజుల అని, నాకు కుర్చీ వేసి, "ఈమె ఎవరమ్మా?" అని అడిగింది, జ్ఞాపకం పరీక్షించడానికి రోజూ అలా అడగమని డాక్టరు చెప్పాడట.

"విజయ" అంది టీచరు. "మేమిద్దరం ఒక్క కాలేజీల చదువుకున్నం."

గ్రేసు నావైపు చూసి కళ్ళతోనే, ఏమీ అనుకోకు అంది. నేనేమీ అనుకోలేదు. ఏమనుకోవాలో నాకు తెలియలేదు. ఆమె మతి తప్పి అంటోందా, లేక చివరి బెంచీలో నా పక్కన కూర్చున్న ఆ ఒక్క గంటను తలుచుకుని అంటోందా? ఆమె ఆ మాట తడబడకుండా అంది. చరిత్ర మాస్టారు నల్ల బోర్డు మీద ఏం గీశారో, ఎవరు కిసుక్కుమన్నారో కూడా మంజులకు చెప్పింది. అవన్నీ జరిగినవే.

"ఏ కాలేజీ అమ్మా?" అంది మంజుల.

టీచరు పెదవులు కదిలాయి. పేరు రాలేదు. చిన్నపిల్లలా నావైపు తిరిగి, "నువ్వు చెప్పు" అంది.

నేను మా కాలేజీ పేరు చెప్పాను, ఊరి పేరుతో సహా, ఆమెకు బాగా వినపడేలా చెవి దగ్గరికి వంగి చెప్పాను. ఆమె ఆ పేరును ఒకసారి పైకి పలికింది, పాత అలవాటు ప్రకారం.

"ఆ, గదే" అంది.